వాద్యకారుల చేతి వ్యాయామాలు – మూడో పాఠం: ముంజేతిని సాగదీయడం

పోయిన పాఠంలో చేతులు వెచ్చబెట్టుకోవడం నేర్చుకున్నాం. ఆ ఐదు నిమిషాలు ఎగ్గొట్టి నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు దయచేసి వెనక్కి వెళ్లండి. చల్లటి చేతిని లాగితే సరిగా సాగదు సరికదా, పట్టేసినా పట్టేస్తుంది.

ముందు ఒక చిన్న పరీక్ష. కుడి ముంజేతిని మోచేతికి కాస్త కిందుగా ఎడమచేత్తో పట్టుకోండి. ఇప్పుడు గాల్లో కీబోర్డ్ వాయిస్తున్నట్టు కుడిచేతి వేళ్లు ఆడించండి. మీ గుప్పిట్లో ఏదో కదులుతోంది కదా? వేళ్లను ఆడించే పెద్ద కండరాలు అక్కడే ఉన్నాయి. వాటి నుంచి టెండన్లు అనే తాళ్లు వచ్చి వేళ్లను లాగుతుంటాయి. (వాడుకలో వీటిని కూడా నరాలనే అనేస్తాం. అసలు నరాలు వేరు, వాటి సంగతి చివర్లో వస్తుంది.) వాయించీ వాయించీ అలిసిపోయాక మనం మెటికలు విరుచుకుంటూ కూర్చుంటాం. పని చేసింది ముంజేయి, దాన్ని ఎవరూ పట్టించుకోరు!

మొదట ముంజేతి పైభాగం. చేయి ముందుకు చాపండి, అరచేయి నేలవైపు. మణికట్టు దగ్గర చేతిని కిందికి వాల్చండి. రెండో చేత్తో దాని వెనకభాగాన్ని పట్టుకుని మెల్లగా మీవైపు తెచ్చుకోండి. మోచేతి బయటివైపు లాగినట్టు తెలుస్తుంది. తెలియలేదా? వేళ్లను నెమ్మదిగా పిడికిలిగా ముడవండి, అప్పుడు తెలుస్తుంది. 20 సెకన్లు అలా ఉంచి వదిలేయండి. ఊపులు వద్దు, ఊపిరి బిగబట్టొద్దు.

రెండోది లోపలిభాగం. గిటార్, వయొలిన్ వాళ్లకు తీగలు నొక్కే చేతిలో ఎక్కువగా బిగుసుకునేది ఇదే. ఎవరినో ‘ఆగు’ అన్నట్టు చేయి చాపి అరచేయి ముందుకు పెట్టండి. రెండో చేత్తో వెనక్కి తెచ్చుకోండి. ఇక్కడ దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది, వేళ్ల కొసలు పట్టుకుని లాగడం. అలా చేస్తే వేళ్ల కీళ్లు వెనక్కి వంగుతాయి, ముంజేతికి అందాల్సినంత అందదు. అరచేతిలో, వేళ్లు మొదలయ్యేచోట నాలుగింటినీ కలిపి పట్టుకోండి. నేనూ ఒకసారి తొందరలో ఒక్క చిటికెన వేలునే పట్టి లాగాను. వారం రోజులు వాద్యం ముట్టుకోలేకపోయాను.

రెండింటిలోనూ మోచేయి చాచే ఉండాలి. ఈ కండరాల్లో కొన్ని మోచేతి పైన ఎముక నుంచి మొదలవుతాయి కాబట్టి, మోచేయి వంచగానే లాగుడు సడలిపోతుంది. ఒకసారి వంచి చూడండి.

ఇక ఉంగరం వేలు. అరచేతిని బల్లమీద ఆనించి, మధ్యవేలును లోపలికి మడిచి, ఉంగరం వేలు ఎత్తి చూడండి. లేవదు. చేతి వెనక ఈ వేళ్ల టెండన్లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. అది మీ సాధనలో లోపం కాదు, చేతి నిర్మాణమే అంత. దాన్ని బలవంతంగా విడదీయాలని చూడొద్దు. జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ 1830ల మొదట్లో వేళ్ల సాధనకు ఒక పరికరం వాడాడు. అతని కుడిచేతి వేలు చెడిపోయింది, పియానో విద్వాంసుడు కావాలన్న ఆశ వదులుకున్నాడు. కారణం ఆ పరికరమేనా అన్నది ఇప్పటికీ తేలలేదు గానీ, నాకైతే అలాంటివాటి మీద నమ్మకం లేదు.

లాగినట్టుంటే సరే, నొప్పి పుడితే వదిలేయాలి. మణికట్టులోని ఇరుకు దారిలోంచి 9 టెండన్లూ, వాటితోపాటు ఒక నరమూ వెళ్తాయి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతుంటే ఆ నరం నలుగుతోందేమో చూపించుకోవాలి. సాగదీస్తే పోయేది కాదది, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఈ వారం ప్రాక్టీస్ అయ్యాక రెండు చేతులకూ, ఒక్కోటి మూడుసార్లు చేయండి. ఏ చేయి ఎక్కువ బిగుతుగా ఉందో రాసిపెట్టుకోండి, వచ్చే పాఠంలో బొటనవేలి దగ్గర అది పనికొస్తుంది.