పక్షులను చూసే నడకలో పొదుపు ఎక్కడ చేయాలి?

ఉష్ణమండల అడవిలో పక్షులను తక్కువ ఖర్చుతో చూడదలచినవారు బసలో, ప్రయాణంలో ఎంత పొదుపు చేసినా గైడును మాత్రం వదులుకోకూడదు. ఆకుల గుబురులో కదలక కూర్చున్న పక్షిని మన కళ్లు పట్టుకోలేవు, గైడు చెవులు పట్టుకుంటాయి. అయితే ఎండ ముదిరాక పక్షుల సందడి బాగా తగ్గుతుంది కనుక, రోజంతటికీ కాకుండా తెల్లవారగానే మొదలయ్యే మూడు గంటల నడకకే మాట్లాడుకుని, మరో ఇద్దరు ముగ్గురితో రుసుము పంచుకోవడం మేలు. 8 రెట్లు పెద్దదిగా చూపే, 42 మిల్లీమీటర్ల కటకమున్న బైనాక్యులర్ చాలు; 10 రెట్లది చేతి వణుకును కూడా పెంచి చూపిస్తుంది. ఏసీ గదిలోంచి దానిని నేరుగా బయటికి తెస్తే అద్దాలకు ఆవిరి పట్టి, అది తుడుచుకునేలోగా మొదటి పక్షి కాస్తా ఎగిరిపోతుంది కనుక, బయలుదేరడానికి అరగంట ముందే దానిని బయట ఉంచండి.