పిల్లలతో ఫ్లైట్ ఎక్కుతున్నారా? తిండి ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ఫ్లైట్ రెండు గంటలే కదా, దిగాక తినిపిద్దాంలే అనుకుంటే అక్కడే ఇబ్బంది పడతాం. ఇంట్లోంచి బయల్దేరిన దగ్గర్నుంచి దిగి లగేజ్ తీసుకుని బయటపడేదాకా చూస్తే ఆరేడు గంటలు ఈజీగా అయిపోతాయి. అందుకే ముందు ఆ గంటలన్నీ ఓ కాగితం మీద రాసుకుని, మీ పిల్లలు మామూలుగా ఏ టైముకి ఏం తింటారో పక్కనే రాయండి, దానికి ఇంకో పూట తిండి ఎక్స్‌ట్రా కలపండి, ఫ్లైట్ లేటయితే ఆదుకునేది అదే.

పిల్లల మీల్ కావాలంటే చాలా ఎయిర్‌లైన్స్‌కి కనీసం 24 గంటల ముందే చెప్పాలి. చెప్పినా సరే దాని మీదే ఆధారపడకండి, ట్రాలీ మన సీటు దాకా వచ్చేసరికి బాబు నిద్రపోయి ఉండొచ్చు.

ప్యాకింగ్‌లో కొత్త రకాలు అసలొద్దు. ఇంట్లో ఇష్టంగా తినేవే, కారిపోకుండా చేత్తో తినగలిగేవి పెట్టండి, సాండ్‌విచ్ ముక్కలు, బిస్కెట్లు, కోసిన పండ్లు లాంటివి. ద్రాక్షపళ్లయితే నిలువుగా నాలుగు ముక్కలు చేయండి. ఐదేళ్లలోపు పిల్లలకి గుండ్రటి ద్రాక్ష గానీ బాదం, జీడిపప్పు లాంటివి గానీ గొంతుకి అడ్డం పడొచ్చు, గాల్లో ఉండగా ఆ రిస్క్ ఎందుకు చెప్పండి. ఇంకో మాట, అన్నీ ఒకే పెద్ద డబ్బాలో పెట్టకండి! చిన్న చిన్న డబ్బాల్లో పెట్టి గంటకొకటి తీస్తుంటే ఆకలీ తీరుతుంది, ఇప్పుడేం వస్తుందా అని వాళ్లకి కాలక్షేపమూ అవుతుంది.

వండినవి, పాలతో చేసినవి ఐస్ ప్యాక్ లేకుండా 2 గంటలకి మించి ఉంచకూడదు కాబట్టి ముందు అవి తినిపించేసి పొడివి చివరికి ఉంచండి. పాలపొడి కూడా ముందే కలపొద్దు, ఒక్కో సారికి సరిపడా కొలిచి తీసుకెళ్లి అక్కడ కలుపుకోండి, బాటిల్ ఇచ్చే ముందు రెండు చుక్కలు మణికట్టు మీద వేసుకుని వేడి చూడండి.

సెక్యూరిటీ దగ్గర పెరుగు, జామ్ కూడా లిక్విడ్ కిందే లెక్క, చాలా ఎయిర్‌పోర్టుల్లో 100 మి.లీ. దాటితే తీసేస్తారు. పసిపిల్లల పాలకి, బేబీ ఫుడ్‌కి మామూలుగా మినహాయింపు ఉంటుంది, అడగకముందే విడిగా తీసి చూపించండి. వాటర్ బాటిల్ ఖాళీగా తీసుకెళ్లి చెకింగ్ అయ్యాక నింపుకోండి, క్యాబిన్‌లో గాలి బాగా పొడిగా ఉంటుంది, పిల్లలు మాటిమాటికీ దాహం అంటారు.

ఫ్లైట్ కిందకి దిగడం మొదలవగానే తాగడానికో నమలడానికో ఏదో ఒకటి ఇవ్వండి, పసివాళ్లకైతే పాలు పట్టండి, మింగుతుంటే చెవుల నొప్పి తగ్గుతుంది. దానికోసం ఒక డబ్బా ముట్టుకోకుండా దాచాల్సిందే.

వేరే దేశం వెళ్తుంటే మిగిలిన పండ్లు విమానంలోనే వదిలేయండి, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ లాంటి చోట్ల బ్యాగులో మర్చిపోయిన ఒక్క యాపిల్‌ గురించి అక్కడి ఎయిర్‌పోర్ట్ అధికారులకి చెప్పకపోయినా ఫైన్ పడొచ్చు.