షేవింగ్ బ్రష్‌ను ఎలా ఎంచుకోవాలి?

విజయవాడ బీసెంట్ రోడ్డులోనో, గుంటూరు పట్నం బజారులోనో షేవింగ్ బ్రష్ కొనేవారిని గమనిస్తే చాలామంది చేసే పని ఒకటే. డబ్బాలోంచి బ్రష్ తీసి, పొడి కుచ్చును చెంపకు రాసుకుని, మెత్తగా తగిలితే మంచిదని, గరుకుగా తగిలితే నాసిరకమని అక్కడికక్కడే తేల్చేస్తారు. ముప్పై ఏళ్లుగా బ్రష్‌తోనే గడ్డం గీసుకుంటూ, బంధువులకూ స్నేహితులకూ ఎన్నో బ్రష్‌లు కొనిపెట్టిన నేను, ఈ ఒక్క అలవాటు వల్ల వృథా అయిన డబ్బును చూసి చూసి విసిగిపోయాను. షేవింగ్ బ్రష్ పనిచేసేది తడిసిన తరువాత. కాబట్టి తడిస్తే అది ఎలా మారుతుందో పొడిగా ఉండగానే అంచనా కట్టడం నేర్చుకోవాలి. ఈ పనిలో కష్టమైన మెట్టు అదొక్కటే. మిగిలినవి త్వరగా తేలిపోతాయి.

బయలుదేరే ముందు రెండు విషయాలు నిర్ణయించుకోవాలి. మీరు వాడేది ట్యూబులో వచ్చే క్రీమా, గట్టి సబ్బు బిళ్లా? నురుగును గిన్నెలో పట్టి రాసుకుంటారా, నేరుగా ముఖం మీదే పడతారా? క్రీము సులభంగా నురుగు కడుతుంది కనుక దానికి ఓ మోస్తరు బ్రష్ చాలు. సబ్బు బిళ్ల నుంచి సబ్బును రాబట్టాలంటే మాత్రం కుచ్చుకు కొంత బిరుసు ఉండాలి. ఇక రెండో ప్రశ్నకు నా జవాబు ఒకటే: నురుగును ముఖం మీదే పట్టాలి. గడ్డం వెంట్రుక పొడిగా ఉన్నప్పుడు గట్టిగా ఉండి, నీటిని పీల్చుకున్నాక మెత్తబడుతుంది; అందుకు రెండు మూడు నిమిషాలు పడుతుంది. ముఖం మీద బ్రష్ తిప్పుతున్నంతసేపూ ఆ నీరు వెంట్రుకల మొదళ్లకు చేరుతూ, వాలిపోయిన వెంట్రుకలు పైకి లేస్తూ ఉంటాయి. గిన్నెలో పట్టిన నురుగు చూడటానికి ఎంత ముచ్చటగా ఉన్నా చర్మం మీద దుప్పటిలా పరుచుకుంటుంది. డబ్బా నొక్కితే వచ్చే ఫోమ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అందులో గాలి ఎక్కువ, రుద్దే పని అసలే లేదు. తొందరలో ఉన్నవారు దాన్ని వాడుకోవచ్చు గానీ, బ్లేడు లాగుతోందని ఆ తరువాత బ్లేడును నిందించకూడదు.

ఇక బడ్జెట్. రెండు మూడు వందల రూపాయల లోపు దొరికేవి చాలావరకు ముతక నైలాన్ కుచ్చులు. అవి నీటిని నిలుపుకోలేవు, చర్మాన్ని గీరుతాయి, వారానికే వెంట్రుకలు రాలుస్తాయి. ఆ డబ్బుకు వాటికంటే మామూలు పంది వెంట్రుకల బ్రష్ మేలు. వెయ్యి రూపాయలకు కాస్త అటూ ఇటూగా వెచ్చించగలిగితే సన్నని సింథటిక్ పోగులతో చేసిన మంచి బ్రష్ వస్తుంది. బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలతో చేసినవి అంతకంటే బాగా ఖరీదైనవి. మత కారణాల వల్లనో, మరే కారణం వల్లనో జంతువుల వెంట్రుకలు ముఖానికి తగలకూడదనుకునేవారు లేబుల్‌ను జాగ్రత్తగా చదవాలి. ‘నేచురల్ బ్రిసిల్’ అని మాత్రమే రాసి ఉంటే సాధారణంగా అది పంది వెంట్రుకే. అటువంటివారికి సింథటిక్ ఒక్కటే దారి, అది మంచి దారి కూడా.

ఇప్పుడు అసలు మెట్టుకు వద్దాం. పొడి కుచ్చును చేతిలోకి తీసుకున్నప్పుడు ముందుగా అది ఏ వెంట్రుకో గుర్తించాలి, ఎందుకంటే ఒకే స్పర్శకు మూడు రకాల్లో మూడు అర్థాలుంటాయి. పంది వెంట్రుక పొడిగా ఉంటే ముళ్లలా గుచ్చుకుంటుంది. దాన్ని గోరువెచ్చని నీటిలో నాలుగైదు నిమిషాలు నానబెడితే నీరు పీల్చుకుని గణనీయంగా మెత్తబడుతుంది. పైగా వాడగా వాడగా ఒక్కో వెంట్రుక కొస చీలి రెండు మూడు పాయలై, కొన్ని వారాలు గడిచాక కొత్తలో ఉన్న గరుకుదనం దాదాపు పోతుంది. అందువల్ల పంది వెంట్రుకల బ్రష్ కొట్టులో గుచ్చుకుందని పక్కన పెట్టేయడం పొరపాటు. నిజానికి అది కొట్టులోనే పట్టులా ఉంటే అనుమానించాలి, తడిశాక అది నీళ్లలో ముంచిన దూదిలా చతికిలబడిపోతుంది. బ్యాడ్జర్ వెంట్రుక పొడిగా ఉన్నప్పుడు విచ్చుకుని లావుగా కనిపిస్తుంది, తడవగానే చిక్కిపోతుంది. కాబట్టి కళ్లకు కనిపించే లావును నమ్మకుండా కుచ్చు మొదలును రెండు వేళ్లతో నొక్కి, లోపల ఎంత దట్టంగా ఉందో చూడాలి. సింథటిక్ పోగు నీటిని పీల్చదు, నీరు పోగుల మధ్య సందుల్లోనే నిలుస్తుంది. అందుచేత కొట్టులో మీ చేతికి ఎలా తగిలిందో, ఇంట్లో ముఖానికీ దాదాపు అలాగే తగులుతుంది. చెంపకు రాసి చూసే పరీక్ష కొంతైనా పనికివచ్చేది దీనికొక్కదానికే.

రెండో పని కొలత. జేబులో చిన్న స్కేలు పెట్టుకుని వెళ్లండి, దుకాణదారు ఏమనుకుంటాడోనని మొహమాటపడవద్దు. వెంట్రుకలు పిడిలోకి దిగే చోట కుచ్చు అడ్డకొలతను, పిడి అంచు నుంచి కొసల వరకు నిడివిని చూడాలి. అడ్డకొలత 22 నుంచి 26 మిల్లీమీటర్ల మధ్య ఉంటే చాలామంది ముఖాలకు సరిపోతుంది. నేను 24కు తప్ప మరొకదానికి ఒప్పుకోను. బ్యాడ్జర్‌కూ సింథటిక్‌కూ నిడివి అడ్డకొలతకు రెండు రెట్లు, లేదా దానికి రవ్వంత ఎక్కువ ఉండాలి. అంటే 24కు 48 నుంచి 52. అంతకంటే పొడవైతే ముఖం మీద వాలిపోయి నురుగును చెంపల దాకా జారుస్తుంది తప్ప మొదళ్లలోకి నెట్టదు. బాగా పొట్టిదైతే మొద్దులా కదలక నురుగును తన కడుపులోనే దాచుకుంటుంది. పంది వెంట్రుక స్వతహాగా బిరుసు కనుక దానికి ఇంకొంచెం పొడవు కావాలి, 55 దాటినా తప్పులేదు. ఈ తేడా తెలియక, బ్యాడ్జర్‌కు చెప్పిన కొలతతో పంది వెంట్రుకల బ్రష్ కొని, నెల తిరగకుండా మూలన పడేసినవారిని నేను ఎరుగుదును.

మూడోది ఒత్తిడి పరీక్ష. అరచేతిలో కుచ్చు కొసలను నిలువుగా ఆనించి, ముఖం మీద ఎంత బలం వాడతారో అంతే బలంతో నెమ్మదిగా నొక్కాలి. వెంట్రుకలు అన్ని వైపులా సమానంగా విచ్చుకుని, చెయ్యి తీయగానే తిరిగి లేవాలి. ఒక పక్కకే ఒరిగితే వెంట్రుకలు సరిగా అమర్చలేదన్నమాట. నడుమ ఖాళీ గుంట కనబడితే కుచ్చు పలచన అన్నమాట, తడిశాక ఆ గుంటలోంచి నీరు ధారగా కారుతుంది. నేలకేసి కొట్టినట్టు నొక్కి చూసేవారు వెంట్రుకలను మొదట్లో విరిచేస్తారు, ఆ బ్రష్‌ను పెట్టెలో పెట్టేస్తే తరువాత కొనేవారి ఇంట్లో వెంట్రుకలు రాలతాయి. దయచేసి అలా చేయకండి.

బ్యాడ్జర్ కొనేవారు ఇంకో జాగ్రత్త పడాలి. ‘ప్యూర్’, ‘బెస్ట్’, ‘సూపర్’, ‘సిల్వర్‌టిప్’ అనే శ్రేణులకు తయారీదారులందరికీ వర్తించే ఉమ్మడి ప్రమాణం లేదు, ఒకరి ‘సూపర్’ మరొకరి ‘బెస్ట్’ కావచ్చు. పంది వెంట్రుకకు నడుమ నల్లరంగు పట్టీ అద్ది బ్యాడ్జర్‌లా కనిపించేట్టు చేసేవారూ ఉన్నారు. నేనే ఒకసారి విజయవాడలో ‘సిల్వర్‌టిప్’ అన్న మాట నమ్మి కొన్న బ్రష్, మూడో రోజుకే రంగు వదిలి నురుగును బూడిద రంగుకు తిప్పింది. ఈ నకిలీ కొత్తదేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్యాడ్జర్‌కు నకలుగా, సరిగా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకలతో చేసిన బ్రష్‌ల వల్ల బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ కొందరికి ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక వ్యాధి సోకింది. నిజమైన బ్యాడ్జర్ వెంట్రుక నడుమ లావుగా ఉండి కొస వైపు సూదిలా సన్నబడుతుంది. కొసలు చీలి ఉండి నల్లపట్టీ అంచు గీత గీసినట్టుంటే వదిలేయండి.

మన ప్రాంతపు నీటినీ గాలినీ లెక్కలోకి తీసుకోకుండా చేసే ఎంపిక సగం ఎంపికే. గుంటూరులో బోరు నీళ్లతో గడ్డం గీసుకునేవారికి నురుగు సరిగా లేవకపోవడం, గిన్నె అంచున తెల్లటి పొర కట్టడం అనుభవమే. ఆ నీటిలోని కాల్షియం సబ్బుతో కలిసి కరగని మడ్డిగా మారుతుంది. అది మరీ దట్టమైన కుచ్చు మొదట్లో చేరిందంటే కడిగినా త్వరగా వదలదు. కాబట్టి బోరు నీటి ఇళ్లలో దట్టమైన బ్యాడ్జర్‌కు డబ్బు పోయకూడదు, మధ్యస్థంగా ఉన్న సింథటిక్ వాడాలి. కృష్ణా నీరు కుళాయిలో వచ్చే ఇళ్లవారికి ఈ ఇబ్బంది తక్కువ. కానీ వానాకాలపు చెమ్మ మాత్రం అందరికీ ఒకటే. జూలై, ఆగస్టు నెలల్లో పంది వెంట్రుకల కుచ్చు స్నానాల గదిలో మరుసటి ఉదయానికి కూడా ఆరదు, ముక్కిపోయిన వాసన వేస్తుంది. సింథటిక్ కొద్ది గంటల్లోనే ఆరిపోతుంది. కొత్తగా మొదలుపెట్టే ఎవరికైనా నేను సింథటిక్‌నే కొనిపెట్టడానికి ఇదే ముఖ్య కారణం.

పిడి గురించి ఎక్కువ ఆలోచించనవసరం లేదు. సబ్బు చేత్తో పట్టుకున్నా జారకుండా నడుమ కొంచెం నొక్కుగా ఉండాలి, బరువు మరీ పైకి ఉండకూడదు. చెక్క పిడికి వార్నిష్ పగిలిన చోట నీరు చేరి బీటలు తీస్తుంది కనుక రెసిన్ (గట్టి ప్లాస్టిక్ వంటి పదార్థం) పిడి తీసుకోండి.

ఇంటికి తెచ్చాక మొదటి వారం దాన్ని పరీక్షా కాలంగా భావించాలి. ముందు రెండు మూడుసార్లు సబ్బుతో నురుగు పట్టి, ముఖానికి రాయకుండా పారబోయాలి. పంది వెంట్రుకల కొత్త వాసన దానితోనే తగ్గుతుంది. మరిగే నీటిలో ఎప్పుడూ ముంచకూడదు, కుచ్చును పట్టి ఉంచే జిగురు, వెంట్రుక రెండూ దెబ్బతింటాయి. మొదటి వారం రోజుకు రెండు మూడు వెంట్రుకలు ఊడితే కంగారు పడనవసరం లేదు. పది రోజులు దాటినా అలాగే ఊడుతుంటే జిగురు పట్టలేదన్నమాట. బిల్లు పట్టుకుని వెళ్లి మార్చుకోండి, అందుకే బిల్లు లేకుండా బ్రష్ కొనవద్దు.