జెండా ఎగరేసే ముందు ఇవి చూసుకోండి

ఆగస్టు 15 అంటే మా కోనసీమలో వానలే వానలు, కాలవలు నిండుగా ఉంటాయి, అందుకే ముందురోజు సాయంత్రమే అన్నీ చూసేసుకోండి.

అన్నిటికంటే ముందు స్తంభం. ఇనప పైపు లేపేటప్పుడు పైన కరెంటు తీగలున్నాయేమో తలెత్తి చూడండి, తడి పైపు నలుగురు పట్టుకుని లేపుతుంటే కాస్త ఒరిగి తీగకి తగిలిందంటే ప్రాణాలే పోతాయి, పిల్లల్ని అస్సలు దగ్గరికి రానివ్వకండి.

తర్వాత తాడు. నూలుతాడు తడిస్తే ఉబ్బిపోయి కప్పీలో ఇరుక్కుంటుంది, నైలాన్‌ది కట్టండి. పోయినేడు మా వీధిలో ముడి బిగుసుకుపోయి ఎంత లాగినా జెండా విచ్చుకోలేదు, బంతిపూల రేకులు మూటలోనే ఉండిపోయాయి, ముసలాళ్లు కూడా వానలో అలాగే నిలబడ్డారు, చాలా బాధేసిందండి. జారుముడి వేసి రెండుమూడు సార్లు లాగి చూడండి.

కాషాయం పైకే ఉందా, చక్రంలో 24 ఆకులున్నాయా, పొడవు వెడల్పు 3:2 ఉందా చూడండి. చిరిగింది, వెలిసిపోయింది వద్దు. నేలకి తగలనివ్వకండి. 2022 నుంచి మన ఇళ్లమీద రాత్రి కూడా ఉంచొచ్చు గానీ గాలివాన ఉంటే దింపేయండి, చిరిగిపోతుంది.

పిల్లలకి ప్లాస్టిక్ జెండాలు వద్దు, కాగితంవి ఇవ్వండి, అయ్యాక ఒక్కటి వదలకుండా వెనక్కి తీసుకోండి. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్యగారు గాంధీగారికి ఇచ్చిన జెండాలోంచి వచ్చింది ఇది, కాలవలో చెత్తతో తేలుతుంటే చూడలేం కదా.

తీపి బిళ్ళలు జాతీయగీతం అయ్యాకే పంచండి.