సింఫనిక్ అన్‌బ్లాక్ మెటల్ వినడం ఎలా: ఏది ముందు, ఏది తర్వాత

బ్లాక్ మెటల్ అనే వేగమైన, కర్కశమైన రాక్ సంగీతాన్ని క్రైస్తవ విశ్వాసంతో పాడితే అది అన్‌బ్లాక్ మెటల్; దానికి కీబోర్డుతో వాద్యబృందపు నిండుతనం చేర్చితే సింఫనిక్ అన్‌బ్లాక్. మా సంఘం గాయక బృందంలో నేను కీబోర్డు వాయిస్తాను. ఈ సంగీతంలోకి కూడా కీబోర్డు దారినే వచ్చాను, మీకూ ఆ దారే చూపిస్తాను. బ్లాక్ మెటల్ వేగంతో, ఆ కర్కశమైన గొంతుతో క్రీస్తును గురించి పాడడం తగునా అని అడిగేవారికి నేను ముందుగా పాట వినిపించను. 88వ కీర్తన పైకి చదవమంటాను. విలాప కీర్తనలు చాలావరకు చివరికి స్తుతి వైపు తిరుగుతాయి. 22వ కీర్తన తిరుగుతుంది. 88వది తిరగదు, చీకటిలోనే ముగుస్తుంది. అయినా అది ప్రార్థనే, బైబిలులోనే ఉంది. అది చదివి కాసేపు ఆగి, అప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకోండి. ఫోను స్పీకరులో మాత్రం వినకండి. అందులో కీబోర్డు, బేస్ గిటారు మాయమై గోల ఒక్కటే మిగులుతుంది.

చాలామంది చరిత్ర ప్రకారం హోర్డ్‌తో మొదలుపెట్టమంటారు. నేను వద్దంటాను. ఆస్ట్రేలియా డ్రమ్మర్ జేసన్ షెర్లాక్ హోర్డ్ పేరుతో ఒక్కడే చేసిన ఆల్బమ్ 'హెల్లిగ్ ఉస్వార్ట్' 1994లో వచ్చింది. ఈ శాఖకు అన్‌బ్లాక్ అనే పేరు దానివల్లే స్థిరపడింది. కానీ అది పచ్చి శబ్దం, వాద్యబృందపు నిండుతనం వెతికే చెవికి అందదు. దాన్ని చివరికి ఉంచుకోండి.

స్వీడన్ బృందం క్రిమ్సన్ మూన్‌లైట్ 2003లో తెచ్చిన 'ది కవనెంట్ ప్రోగ్రెస్' ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. ఒక పాట ఎంచుకుని మూడుసార్లు వినండి. మొదటిసారి కీబోర్డును తప్ప దేన్నీ పట్టించుకోకండి. అది ఎక్కడ వయొలిన్ల గుంపులా పరుచుకుంటోంది, ఎక్కడ తప్పుకుని గిటారుకు చోటిస్తోంది, అంతే.

రెండోసారి డ్రమ్స్. కొత్తవారు బెదిరిపోయేది ఇక్కడే. బ్లాస్ట్ బీట్‌లో బేస్ డ్రమ్, స్నేర్ ఎడతెగకుండా పడుతుంటాయి, వేగం తరచూ నిమిషానికి రెండువందల దెబ్బలు దాటుతుంది. గిటారు తీగను కూడా అదే వేగంతో మీటుతుంటారు. మీరు ఆ వేగాన్ని వెంబడించకండి. కీబోర్డు కార్డు, అంటే కలిసి మోగే స్వరాల గుంపు, మారినప్పుడు మాత్రమే చేత్తో తాళం వేయండి. కార్డులు చాలా నింపాదిగా మారుతున్నాయని మీ చేతికే తెలుస్తుంది. పైన తుపాను, అడుగున మన ఆరాధనలో పాడే నిదానమైన కీర్తన నడక. ఈ రెండూ ఒకేసారి వినబడిన రోజు ఈ సంగీతం మీదైపోతుంది. నేను ఇంత పట్టుబట్టి చెప్పేది ఈ ఒక్క సాధన గురించే. తక్కినవి మీ వీలును బట్టి చేసుకోవచ్చు.

మూడోసారి గొంతు. సాహిత్యం ముందుగా చదువుకుని, కంటితో వరుస వెంట పోతూ వినండి. పదాలు వాటంతటవే విడివడతాయి.

తర్వాత శాంక్టిఫికా 2000లో తెచ్చిన 'స్పిరిట్ ఆఫ్ ప్యూరిటీ' వినండి. అదీ స్వీడన్‌దే, చెవికి త్వరగానే అలవాటవుతుంది. యుద్ధవాతావరణం ఇష్టమైతే నెదర్లాండ్స్ బృందం స్లెక్ట్‌వాల్క్ ఉంది.

ఆపైన నార్వే బృందం ఆంటెస్టర్. ఇక్కడ తొందరపడకండి. నార్వే బ్లాక్ మెటల్‌ది చర్చీలు తగలబెట్టినవారున్న వాతావరణం. బెర్గెన్ దగ్గర ఫాంటాఫ్ట్‌లో పాత చెక్క చర్చి 1992 జూన్‌లో కాలిపోయింది. అదే దేశంలో, ఆ రోజుల్లోనే ఆంటెస్టర్‌వాళ్లు విశ్వాసులుగా ఈ సంగీతాన్ని పట్టుకున్నారు. తమది దుఃఖపు మెటల్ అని చెప్పుకున్నారు. 'ది రిటర్న్ ఆఫ్ ది బ్లాక్ డెత్' 1998లో కకోఫనస్ అనే బ్రిటిష్ సంస్థ నుంచి వచ్చింది. క్రేడిల్ ఆఫ్ ఫిల్త్ తొలి ఆల్బమ్ విడుదల చేసిన సంస్థ అది. 2005 నాటి 'ది ఫర్సేకెన్'లో డ్రమ్స్ వాయించింది మేహెమ్ బృందపు హెల్‌హామర్. నార్వే బ్లాక్ మెటల్‌కు మూలస్తంభమైన బృందంలోని వ్యక్తి విశ్వాసుల ఆల్బమ్‌కు వాయించాడంటే, ఆ సంగీతానికి అక్కడ దక్కిన గౌరవం ఎలాంటిదో ఊహించండి. నా మట్టుకు ఈ శాఖ మొత్తంలో మిన్న ఈ ఆల్బమే. దీన్ని రాత్రి, ఒంటరిగా, మధ్యలో ఆపకుండా మొదటినుంచి చివరిదాకా వినండి.

ఇంట్లో పెద్దలు అభ్యంతరపెడితే వాదించకండి. సాహిత్యం కాగితం మీద తెలుగులో రాసి చేతికివ్వండి, పక్కన బైబిలులోని విలాపవాక్యముల మూడో అధ్యాయం తెరిచి పెట్టండి. అది చదివాక కూడా శబ్దం నచ్చకపోతే అది వారి ఇష్టం. హెడ్‌ఫోన్ మీకు ఉండనే ఉంది.

ఇప్పుడు హోర్డ్ వినండి. కీబోర్డు ఆసరా లేకుండానే అడుగున ఉన్న నిదానమైన నడక మీ చెవికి దొరకాలి. దొరక్కపోతే మళ్లీ 'ది కవనెంట్ ప్రోగ్రెస్' రెండో విడతకు, చేతి తాళానికి వెళ్లండి.