లా ఫర్మ్ నుంచి ఏపీపీ కుర్చీకి: రాజీనామాకు ముందు చూసుకోవాల్సినవి

హైదరాబాద్‌లో ఒక పెద్ద లా ఫర్మ్‌లో ఐదేళ్లు చేశాను. కంపెనీల కొనుగోలు ఒప్పందాలు, రాత్రి రెండింటికి మెయిల్స్, గంటల లెక్కన బిల్లులు. ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఒక మేజిస్ట్రేట్ కోర్టులో అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ని (ఏపీపీ), అంటే క్రిమినల్ కేసుల్లో ప్రభుత్వం తరఫున వాదించే లాయర్ని. ఫర్మ్‌లో ఉన్న జూనియర్లు అప్పుడప్పుడూ ఫోన్ చేసి "మేమూ రావచ్చా మేడమ్" అంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ రాజీనామా లెటర్ పక్కన పెట్టండి. మన ఆంధ్రలో ఏపీపీ పోస్టుకు క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ల ప్రాక్టీసు అడుగుతారు. ఫర్మ్‌లో పదేళ్లు కూర్చున్నా, ఒక్క బెయిల్ పిటిషన్‌లోనూ మీ వకాలత్ (కక్షిదారు తరఫున వాదిస్తానని కోర్టులో వేసే పత్రం) లేకపోతే ఆ పదేళ్లూ లెక్కలోకి రావు. నాకీ సంగతి బయటికొచ్చాకే తెలిసింది. విజయనగరంలో ఒక సీనియర్ దగ్గర చేరాను. మొదటి ఏడాది దాదాపు ఊరికే చేశాను, బస్సు చార్జీలూ నావే. అందుకని మూడేళ్ల ఖర్చుకు డబ్బు దాచుకుని బయల్దేరండి. పేరు తెలంగాణ బార్ కౌన్సిల్ రోల్‌లో ఉంటే ఆంధ్రకు మార్పించుకోండి, అడ్వకేట్స్ చట్టంలో సెక్షన్ 18 అందుకే ఉంది. వకాలత్ వేసిన ప్రతి కేసు నంబరూ ఆ రోజే ఒక నోటుబుక్కులో ఎక్కించండి. ప్రాక్టీసు సర్టిఫికెట్ కావాల్సిన రోజున పాత కట్టలు వెతుక్కునే బాధ తప్పుతుంది.

పరీక్ష పెట్టేది రాష్ట్రస్థాయి పోలీసు నియామక మండలి. ఒక ఆబ్జెక్టివ్ పేపరు, ఒక డిస్క్రిప్టివ్ పేపరు, ఆపైన ఇంటర్వ్యూ. 2025లో 42 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. ఏటా వస్తుందని మాత్రం కూర్చోకండి. బోర్డు పేరు చూసి మా వీధిలో ఒకావిడ "అయితే ఎస్సైవి ఐపోనావా అమ్మా" అంది. కాదు. మన పైన ఉండేది ప్రాసిక్యూషన్ డైరెక్టరేటు. సెషన్స్ కోర్టు పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా బయటి నుంచి నేరుగా వెళ్లే దారి వేరు: ఏడేళ్ల ప్రాక్టీసు ఉండాలి, జిల్లా కలెక్టర్ సెషన్స్ జడ్జిని సంప్రదించి వేసే ప్యానెల్‌లో పేరు పడాలి. దానికోసం ఎవరెవరి గుమ్మాలు ఎక్కుతారో నన్ను అడక్కండి.

చదువు విషయంలో ఒకటే మాట. 2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి గానీ పాత కేసులు పాత సెక్షన్లతోనే నడుస్తున్నాయి. సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 161, అంటే పోలీసులు సాక్షిని విచారించడం, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ (దాని స్థానంలో వచ్చిన చట్టం) 180. 313, అంటే నిందితుణ్ని కోర్టు ప్రశ్నించడం, ఇప్పుడు 351. రెండు నంబర్లూ నోటికి రావాలి.

ఫర్మ్‌లో నేర్చుకున్నది వృథా పోదు. డ్యూ డిలిజెన్స్ (కొనబోయే కంపెనీ కాగితాలన్నీ జల్లెడ పట్టడం) చేసిన కన్ను ఛార్జిషీటులో బాగా పనికొస్తుంది. ఒకసారి రెండు కేసుల సీడీ (పోలీసుల కేస్ డైరీ) ఫైళ్లు పక్కపక్కన పెట్టి చదువుతుంటే, ఒకే మధ్యవర్తి (పంచనామాలో సాక్షిగా సంతకం పెట్టేవాడు) ఒకే రోజు ఉదయం ఆరింటికి రెండు ఊళ్లలో సంతకం పెట్టినట్టు కనిపించింది. మధ్యలో ఇరవై కిలోమీటర్లు! ఇలాంటిది మీ కంట పడితే దాచకండి, సర్దకండి. ఛార్జిషీటు కోర్టుకు వెళ్లకముందే దర్యాప్తు అధికారిని రాతపూర్వకంగా వివరణ అడగండి. మన పని ఎలాగోలా శిక్ష వేయించడం కాదు.

ఫర్మ్ నేర్పనిది సాక్షితో మాట్లాడటం. కొత్తలో ఒక కొట్లాట కేసు. పీడబ్ల్యూ 2, అంటే మన వైపు రెండో సాక్షి, బోనెక్కింది, అరవై దాటిన మనిషి. "సంఘటన జరిగిన సమయంలో మీరు ఎక్కడ ఉన్నారు?" అన్నాను. నా మొహం చూసింది, జడ్జిగారి మొహం చూసింది, నోరు విప్పలేదు. వెనక నుంచి కోర్టు కానిస్టేబుల్ మెల్లగా "మేడమ్, మనూరి మాటలో అడగండి" అన్నాడు. నాది బొబ్బిలి. ఐదేళ్ల ఫర్మ్ నా మాటకి గంజి పెట్టేసింది, అంతే.

"ఆ యేల నువ్వేటి సేస్తన్నావమ్మా?"

"దీపాలెట్టే యేల బాబూ. నాను ఆవుని కట్టేస్తన్నాను. ఆడొచ్చి మా మరిదిని కర్రట్టుకుని కొట్టీసినాడు."

చీఫ్, అంటే మన వైపు ప్రశ్నలు, బాగానే అయింది. క్రాస్‌లో, అంటే అవతలి లాయరు ప్రశ్నల్లో, దొరికిపోయాం. పోలీసులు రాసుకున్న వాంగ్మూలంలో "సుమారు రాత్రి 8 గంటలకు" అని ఉంది. ఆమె చెప్పిన దీపాల వేళను స్టేషన్లో ఎవరో తోచిన అంకెగా మార్చేశారు. ఆ గంటన్నర తేడా మీద డిఫెన్స్ లాయరు అరగంట నిలబెట్టాడు. కేసు పోవడానికి అదీ ఒక కారణం.

అప్పటి నుంచి సాక్షి వచ్చిన పూట, కేసు పిలవకముందే వరండా బల్ల మీద కూర్చోబెట్టి మాట్లాడతాను. అంకెల్లో టైమ్ అడగను. ఆ యేలకి మీ ఇంట్లో ఏటి జరుగుతోంది, పొయ్యి మీద ఏటుంది, పశువులు ఇంటికొచ్చాయా అని అడుగుతాను. తర్వాత ఫైల్ తెరిచి చూసుకుంటాను.