మనం చేసుకోని పండగకి శుభాకాంక్షలు చెబితే ఏమనాలి

మేం క్రైస్తవులం, ఉండేది విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్‌లో. వినాయక చవితి రోజు తెల్లారకముందే వాట్సాప్ గ్రూపులో శుభాకాంక్షలు వరసగా వచ్చి పడుతుంటే, కాపురానికి వచ్చిన కొత్తలో నాకు నిజంగా టెన్షన్‌గా ఉండేది. జవాబివ్వకపోతే పొగరనుకుంటారేమో, ఇస్తే ఏమని ఇవ్వాలి?

చాలా తేలిక. "థాంక్యూ అండీ, మీకు, పిల్లలకి చవితి శుభాకాంక్షలు" అనండి. పండగ వాళ్లది, బాగుండాలని కోరుకునేది మనం, ఇందులో అబద్ధమేమీ లేదు. "మేం ఇవి చేసుకోమండీ" అని మాత్రం ఎత్తుకోగానే అనకండి, లిఫ్టులో నవ్వుతూ పలకరించిన మనిషి మీ మతం అడగలేదు కదా. ఈద్ ముబారక్ అంటే "మీకూ ముబారక్" చాలు, "ఖైర్ ముబారక్" అంటే ఇంకా సంతోషిస్తారు.

అసలు చిక్కు గిన్నెతో వస్తుంది. పక్కింటి పిన్నిగారు స్టీలు డబ్బాలో ఉండ్రాళ్లు, పులిహోర తెచ్చారు. మా ఇంట్లో నైవేద్యం పెట్టింది తినం, తినేవాళ్లూ ఉన్నారు, అది ఎవరి నమ్మకం వాళ్లది. మొదటి ఏడాది మొహమాటపడి తీసుకున్నాను, ఆ డబ్బా సాయంత్రం దాకా గట్టు మీదే ఉండిపోయింది, చూసినప్పుడల్లా తప్పు చేసినట్టే అనిపించింది. తీసుకుని పారేయడం కన్నా చెప్పేయడమే మర్యాద. మరుసటి ఏడాది పండగకి నాలుగు రోజుల ముందే, ఇద్దరం తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. చవితి రోజు డబ్బా ఇస్తూ "దేవుడికి పెట్టకముందే మీకు తీసేశానమ్మా" అన్నారు. గుమ్మంలో నిలబెట్టి చెబితే మాత్రం ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. క్రిస్మస్‌కి మా ఇంటి కేకు ఆ డబ్బాలోనే వెళ్తుంది, గుడ్డు వేయకుండా చేస్తాను.

ఇంట్లో ఎవరైనా పోయి ఆ ఏడాది పండగలు లేనివాళ్లకీ ఈ ఇబ్బంది ఉంటుంది. దగ్గరివాళ్లయితే "ఈ ఏడాది మాకు పండగ లేదండీ, మీరు బాగా చేసుకోండి" అని చెప్పొచ్చు. ఆఫీసులో ముఖపరిచయం ఉన్నవాళ్లకి థాంక్యూ చాలు, అక్కడ చావు కబురు ఎత్తక్కర్లేదు.

మాకు గుడ్ ఫ్రైడే రోజున "హ్యాపీ గుడ్ ఫ్రైడే" అని మెసేజ్‌లు వస్తాయి. అది ఏసుప్రభువుని సిలువ వేసిన రోజు, చర్చిలో మూడు గంటల ఆరాధన ముగించుకుని ఫోన్ తీస్తే అది కనిపిస్తుంది. అయినా తప్పు దిద్దబోను. "థాంక్యూ అండీ, ఇవాళ మాకు ఉపవాసం, ఆదివారం ఈస్టర్‌కి ఇంటికి రండి" అని రాస్తాను.